మీకు తెలుసా? బంగినపల్లి పండును ఆపిన విమానము

నంద్యాలకు నైరృతిదిశయందున్న బనగానపల్లె పేరును దేశదేశములకు మోసికొనిపోవు మామిడి, 2017లో భౌగోళిక సూచిక గుర్తింపును పొందినదయ్యును, 2020, 2021 సంవత్సరములలో అమెరికా గడప త్రొక్కలేకపోయినది. అందులకు కారణము పంట చెడుటయు గాదు, గిరాకి తగ్గుటయు గాదు, పరీక్షాధికారులు విమానమెక్కలేకపోవుటయే.

టెంకపురుగు, పండు ఈగలవలని భయమును బాపుటకై ఆ దేశమునకు పోవు మామిడికి కనీసము 400 గ్రేల వికిరణము సోకింపవలెను. (దానివలన పండు రేడియోధార్మికము కాదు, నిశ్చింతగా తినవచ్చును.) 2007 నుండి అమలులోనున్న ఈ పద్ధతిని అమెరికా వ్యవసాయశాఖవారు స్వయముగా వచ్చి పర్యవేక్షింపవలసియుండగా, కోవిడ్ మహమ్మారి రాకపోకలను స్తంభింపజేయుటచే, 2019-20లో 1,095 టన్నులకు చేరిన భారతదేశపు ఎగుమతి ఒక్కసారిగా నిలిచిపోయినది.

2021 నవంబరులో ఉభయదేశములకును కుదిరిన అంగీకారము ననుసరించి ఆ పర్యవేక్షణభారము క్రమముగా మనవారికి సంక్రమింపగా, 2022లో ద్వారము తిరిగి తెఱచుకొన్నది. ఊరక కాదు సుమా! మారుగా మనము అమెరికా చెర్రీపండ్లకును, లూసర్న్ పశుగ్రాసమునకును చోటిచ్చితిమి. మహమ్మారి పిమ్మట అంతర్జాతీయ వాణిజ్యము సుంకములకంటె ఇట్టి పరీక్షల నెవరు జరుపవలెనను ప్రశ్నమీదనే హెచ్చుగా ఆధారపడునని మా తలంపు.

నంద్యాల సీమలోనిదే యైన ఆళ్లగడ్డ శిల్పులు చెక్కు దేవతామూర్తులకు ఈ చిక్కు లేదు. రాతికి పురుగు పట్టదు గదా! అయినను ఓడ నెక్కు విగ్రహమును బిగించిన కొయ్యపెట్టెకు మాత్రము, 56 డిగ్రీల వేడిమిలో 30 నిమిషములు కాచినట్లో, తత్సమానమైన శుద్ధి జరిపినట్లో తెలుపు ముద్ర ఉండితీరవలెను.