చిన్నవారి పెద్ద ప్రశ్నలు

రేడియోలో వార్తలు వస్తూ ఉండగా, మూడేండ్ల బాలుడు తన పళ్లెంలోని అన్నం ముద్దను దాని జాలీ దగ్గరకు చేర్చాడనుకోండి. లోపల మాట్లాడుతున్న మామకు ఆకలి అవుతుందని వాడి దయ. చూచి నవ్వడం సులభమే. కాని, లోపల మామ లేడనీ, ఆయన ఎక్కడో స్టేషనులో కూర్చుని మాట్లాడుతూ ఉంటే ఆ మాట కంటికి కనబడని తరంగాల రూపాన మన ఇంటికి చేరిందనీ చెప్పబోతే, "తలుపు పెట్టి ఉన్నది గదా, ఎట్ల వచ్చింది?" అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. అక్కడి నుండి తడబాటు మన వంతు.

పిల్లల ఊహలకు ఒక క్రమం ఉన్నది. స్విట్జర్లాండు దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే 1920 దశకంలో పిల్లలతో సంభాషించి, వారి సమాధానాలను గ్రంథస్థం చేశాడు. కదిలేదానికి ప్రాణం ఉన్నదనీ, చంద్రుడు తమ వెంటనే నడుస్తున్నాడనీ, ప్రతి వస్తువూ ఏదో ఒక పని కొరకే ఏర్పడినదనీ చిన్నపిల్లలు తలుస్తారని ఆయన చూపించాడు. కాబట్టి వారి "ఎందుకు" తరచు ప్రయోజనాన్ని అడుగుతుంది. "వాన ఎందుకు పడుతున్నది?" అన్న బిడ్డకు నీటి ఆవిరి సంగతి కన్న, "వాన పడితే చెట్లకు నీళ్లు దొరుకుతయి" అన్న మాట త్వరగా అందుతుంది. మిగిలిన సగం జవాబు బడికి పోయే నాటికి చెప్పవచ్చును.

మన భాష కూడా ఈ పరీక్షను కొంత కఠినం చేస్తున్నది. ఎదుటివారిని కలుపుకొంటే 'మనం', విడిచిపెడితే 'మేము' అనే భేదం ఇంగ్లీషులో లేదు. "మేము బజారుకు పోతున్నాం" అని తండ్రి అనగానే చెప్పులు తొడుక్కొన్న బిడ్డకు, ఆ మాటలో తనకు చోటు లేదని తెలియజెప్పడం ఎంత కష్టం! "నిన్న పోదాం" అని బేరమాడే వయస్సు అది. అమ్మమ్మ అంటే అమ్మకు అమ్మ అని వివరించితే, "అమ్మ పెద్దగున్నది గదా, ఆమెకు అమ్మ ఎందుకు?" అని అడుగుతారు.

ఇవి ఏ ఊరి పిల్లలైనా అడిగేవే. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు పిల్లలకు మరికొన్ని ప్రశ్నలు అదనంగా ఉన్నవి. 1960 దశకంలో రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం వెలిసినది. తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగినవి. అక్కడ ఎన్నో ఇండ్లలో రాత్రింబగళ్లను షిఫ్టు నిర్ణయిస్తుంది. చీకటి పడితే నిద్రపోవలెనని బిడ్డకు నేర్పుతాము. ఆ చీకటిలోనే తండ్రి టిఫిను డబ్బాతో బస్సు ఎక్కుతాడు. పగలు, "అల్లరి చెయ్యకు బిడ్డా, నాయిన పండుకున్నడు" అంటాము. "నాయినకు రాత్రి లేదా?" అని ప్రశ్న. కొలిమి చల్లారితే తిరిగి వేడెక్కించడానికి చాలా కాలమూ, ఇంధనమూ ఖర్చు కాబట్టి మనుష్యులు వంతులు వేసుకొని దానిని కాస్తారన్నది ఒక కారణం. "మిషను పండుకోదు, నాయిన దాని దగ్గర కావలి ఉంటడు" అంటే బిడ్డకు కొంత తెలుస్తుంది. దానికి జోల పాడరాదా అని అడిగితే మాత్రం ఓడిపోయినట్లే.

నవ్వు ఆగిపోయే ప్రశ్న కూడా ఒకటి ఉన్నది. పటాన్‌చెరు సమీపాన పారి మంజీరలో కలిసే నక్కవాగు దగ్గర, "ఆ నీళ్లల్ల ఆడొద్దు" అంటే, "నీళ్లకు కోపమొచ్చిందా?" అంటారు పిల్లలు. కర్మాగారాల వ్యర్థజలాలు వాగులో చేరి, బావులూ పొలాలూ చెడిపోయినవన్న మొర 1990లో సుప్రీంకోర్టుకు చేరినది. ఆ దశకంలోనే ఉమ్మడి శుద్ధి కేంద్రం కూడా పనిచేయసాగినది. ఇదంతా పసిబిడ్డకు ఎక్కదు గనుక, "బూచి ఉన్నాడు" అని తప్పుకోబుద్ధి అవుతుంది. అది తగదు. లేని బూచికి జడిసిన బిడ్డ, ఉన్న కారణాన్ని ఎన్నడూ వెదకడు. నిజాన్ని చిన్నది చేసి చెప్పవచ్చును, మార్చి చెప్పరాదు. తెలియనప్పుడు, "నాకు తెల్వదు, అడిగి తెలుసుకుందాం" అనడం కూడా మంచి జవాబే.

"ఆ నీళ్లల్ల ఫ్యాక్టరీ మందులు కలిసినయి బిడ్డా. ఒంటికి మంచిది కాదు. మనుషులే కలిపినరు, మనుషులే బాగు చెయ్యాలె" అంటే చాలును. "ఎప్పుడు?" అని తప్పక అడుగుతారు. "రేపు" అంటే నమ్ముతారు. నిన్నకూ రేపటికీ భేదం వారికి ఇంకా తెలియదు. ఆ భేదం తెలిసిన మనము, ఆ మాట అనడానికి ముందు ఒక్కసారి ఆలోచించుకోవాలి.