మధుకేశ్వరుడి లోయలో ఇప్పకు వారసులేరీ?

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట మీదుగా జలుమూరు మండలంలోకి వెళితే వంశధార ఒడ్డున శ్రీముఖలింగం వస్తుంది. శివరాత్రికో, కార్తీకమాసానికో మీలో చాలామంది వెళ్లి వచ్చిన ఊరే. తూర్పు గంగ రాజులు ఏలిన కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడి స్వామికి మధుకేశ్వరుడని పేరు. మధుకం అంటే ఇప్ప చెట్టు. సవరలు నరికిన ఇప్ప మొదట్లో శివుడు వెలిశాడని స్థలపురాణం. స్వామికి దండం పెట్టుకుని వచ్చేస్తాం గాని, ఆయనకు పేరిచ్చిన చెట్టు ఈ లోయలో ఎలా ఉందో ఒక్కసారి చూద్దాం రండి.

హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి సీతంపేట కొండల వైపు సాగండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే ఇంకా మంచిది. ఆకు రాలిన కొమ్మల చివర ఇప్పపూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ ఉంటాయి. రాత్రి పూసి తెల్లవారేసరికి రాలిపోతాయి. పొద్దెక్కకముందే సవర, జాతాపు ఆడవాళ్లు, పిల్లలు గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. కండగల ఆ పువ్వు నిండా తీపే. ఎండబెడితే బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. దాన్ని పులియబెట్టి కాచిందే ఇప్పసారా. కొండ మీద పండగకు, పెళ్లికి, చావుకు తరతరాలుగా అది ఉన్నదే.

ద్రాక్షలోయ చెప్పే పాఠం

పోర్చుగల్ దేశంలో డోరో అనే నదీలోయ ఉంది. రాతి కొండలను మెట్లుమెట్లుగా చెక్కి అక్కడి రైతులు ద్రాక్ష పెంచుతారు. వాళ్లలో ఎక్కువమంది చిన్న కమతాలవాళ్లే. ఆ పండ్లతో చేసే పోర్ట్ అనే ద్రాక్షసారాకు ఒకప్పుడు కల్తీ బెడద పట్టుకుంది. ధర పడిపోయింది. 1756లో పొంబాల్ అనే మంత్రి లోయకు హద్దులు గీయించాడు. ఊరూరా రాళ్లు పాతించాడు. రంగు కల్తీకి వాడే ఎల్డర్ మొక్కలను పీకించేశాడు. హద్దు లోపల పండిన సరుకుకే ఆ పేరు చెల్లుతుందన్నాడు. 2001లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. సరుకు శుభ్రంగా ఉండి, ఊరి పేరు దానికి అంటుకుంటే చిన్న రైతుకూ నాలుగు డబ్బులు మిగులుతాయి.

ఇది పరాయి దేశం ముచ్చట అనుకోకండి. మన పక్కనే ఉన్న అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

తాతలే మిగిలారు

మన ఇప్పకు మాత్రం చెడ్డపేరే మిగిలింది. సారా ఎన్ని సంసారాలు కూల్చిందో వేరే చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన ఉద్యమంతో 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అనుమతి లేకుండా సారా కాచడం నేటికీ నేరమే. కానీ కుండలో పోసింది మనిషి. అందులో చెట్టు తప్పేముంది?

అసలు ప్రమాదం ఇంకొకటి. చెట్ల కింద ఒక్కసారి నేల వైపు చూడండి. పెద్ద పెద్ద మానులు ఉన్నాయి, పిల్ల మొక్కలు కనబడవు. పువ్వు కనిపించడానికి ఎండుటాకులకు నిప్పు పెడతారు, మొలక మాడిపోతుంది. తప్పించుకున్నదాన్ని మేక తింటుంది. గింజ రాలితే ఒక్కటీ వదలకుండా ఏరేస్తాం. తాత చెట్టు పడిపోతే మనవడు లేడు. మైదానంలో మెట్ట గట్ల మీద ఉన్న చెట్లనేమో నీడ పడుతుందని, కలపకు డబ్బు వస్తుందని కొట్టేస్తున్నాం.

శుభ్రంగా ఏరితే విలువ

నిప్పు పెట్టే బదులు ఆకు ఊడ్చి, చెట్టు కింద వల గాని పాత చీరలు గాని పరవండి. మట్టి అంటని పువ్వు దక్కుతుంది. లోపలి కేసరాలు తీసేసి, టార్పాలిన్ మీద పలచగా ఆరబెట్టాలి. గలగలలాడేలా ఎండాకే గోనెల్లో కట్టాలి. చెమ్మ ఉంటే వానాకాలంలో బూజు పడుతుంది.

సారా తప్ప వేరే గతి లేదనుకోవద్దు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అది బలమైన తిండి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొంటుంది. దళారికి ఇచ్చే ముందు సీతంపేట, పార్వతీపురం రైతులు సంస్థ డిపోలో ధర కనుక్కోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం ఏరుకుని అమ్ముకునే హక్కు గిరిజనులకు ఇచ్చిందని మరవకండి.

గింజ కూడా సొమ్మే

పలుకులో మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది. దీపానికి, సబ్బుల తయారీకి పనికొస్తుంది. నూనె తీయగా మిగిలిన ఇప్పపిండి చేపల చెరువుల వాళ్లకు కావలసిన సరుకు. చేపపిల్ల వదిలేముందు చెరువులోని పనికిరాని చేపలను అది చంపుతుంది. ఎకరా చెరువులో మీటరు లోతు నీటికి సుమారు 1000 కిలోలు చల్లుతారు. రెండు మూడు వారాలకు విషం విరిగి ఎరువుగా మారుతుంది. అంతవరకు పిల్ల వదలకూడదు.

మొక్క పెంచే తీరు

ఇప్ప గింజకు ఆయువు తక్కువ. దాచుకుని వచ్చే ఏడు వేద్దామంటే మొలవదు. పండు రాలిన రెండు మూడు వారాల్లోనే పొడవాటి పాలిథిన్ సంచుల్లో పెట్టాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది గనక పొట్టి సంచి పనికిరాదు. మరుసటి వానాకాలం మెట్ట గట్టు మీదో, బంజరులోనో చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం ఉంచి నాటండి. మొదటి మూడేళ్లు మేకల నుంచి ముళ్లకంప కాపలా తప్పదు. గింజ మొక్క పూతకు రావడానికి 8 నుంచి 10 ఏళ్లు పడుతుంది, అంటు మొక్క అంతకంటే ముందే పూస్తుంది. పట్టా భూమిలోని చెట్టయినా సరే, నరికే ముందు అటవీశాఖ అనుమతి అడగాలి.

పదేళ్లు ఎవరు ఆగుతారని మీరు అనవచ్చు. ఇప్పుడు మనం ఏరుకుంటున్న పువ్వు ఏ తాతో కాపాడిన చెట్టుదే. ఈ వానకాలం గింజలన్నీ గానుగకు పంపకుండా ఇంటికి పది గింజలు మట్టిలో పెట్టండి.