వార్తల్లో పదం: ఓటీ-551

వెలుగును పట్టుకోవడమే రెటీనా పని. ఆ వెలుగే మితిమీరితే దానికి చేటు. ఫ్లోరోసెంట్ దీపాల కింద గంటల తరబడి ఉంచిన ఎలుకల దృష్టికణాలు దెబ్బతింటాయని 1966లో వెర్నర్ నోయెల్ అమెరికాలో నిరూపించారు.

రెటీనాకు ఆక్సిజన్ వాడకం ఎక్కువ. తీవ్రమైన కాంతికి అక్కడ పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాల పొరల్లోని కొవ్వులను పాడుచేస్తాయి. వాటిని అణచేవే యాంటీఆక్సిడెంట్లు. కానీ మందుగా కంట్లో వేసిన చుక్కలో చాలా భాగం కన్నీటితోనే కొట్టుకుపోతుంది. వెనుకనున్న రెటీనా దాకా చేరేది బహు స్వల్పం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కంటి ముందు పొర కార్నియాను దాటేలా తయారుచేసిన యాంటీఆక్సిడెంట్ మందు ఓటీ-551. ప్రయోగశాలలో అది ఎలుకల రెటీనాను కాంతి దెబ్బ నుంచి కాపాడింది. ఎంతో ఆశపెట్టిన ఫలితం అది.

ఆ తర్వాత అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్, వయసుతో మాక్యులా (రెటీనా మధ్య భాగం) క్షీణించిన 10 మందికి ఒక కంట్లో రోజుకు మూడుసార్లు చొప్పున రెండేళ్లు ఈ మందు చుక్కలు వేయించింది. చూపు విషయంలో రెండు కళ్ల మధ్య కొంత తేడా కనిపించింది గానీ, క్షీణించిన మేర విస్తరించడం మాత్రం ఆగలేదు.