క్రిస్మసు సెలవులలో పిల్లలతో పట్టణ విహారము

మా సంఘపు దుకాణమునకు సంక్రాంతి సరకు కొనుటకై ప్రతి సంవత్సరమును డిసెంబరు కడపటి వారమున హైదరాబాదు పోవుట మాకు వాడుక. ఉస్మాన్‌గంజ్‌లోను, దానికి చేరువనున్న బేగంబజారులోను పప్పులు, బెల్లము, చింతపండు, జీలకఱ్ఱ మూటలుగా కొనినచో సభ్యులకు చిల్లర అంగడి ధరకంటె కొంత చౌకగా ఇయ్యవచ్చును. 2024 డిసెంబరున మాత్రము సరకు సంచులతో పాటు పిల్లలును మాతో బయలుదేరిరి.

క్రిస్మసునకు బడులు మూయుదురనియు, పట్టణపు పిల్లలందఱును ఆ దినములలో విహారస్థలములకు పోవుదురనియు, తాము మాత్రమేల పోరాదనియు మా పిల్లలు నెల దినములుగా ఇంటింట పోరు పెట్టుచుండిరి. ఈ సంగతి కార్యవర్గమున చర్చకు వచ్చినపుడు పెద్దలలో భేదాభిప్రాయము కలిగినది. కంది కోతకును, పత్తి తీతకును మనుష్యులు దొరకని వేళ ఇదేమి వేడుకయని ఒకరనిరి. "మనకు తీరిక సంక్రాంతికి, పిల్లలకు సెలవు క్రిస్మసునకు. రెండును కలిసివచ్చునాటికి వారికి మీసములు వచ్చును" అని మఱియొకరనిరి. ఈ రెండవ మాటయే నెగ్గినది. స్త్రీ సభ్యులలో కొందఱు మెదకు చర్చిని చూడవలెనని కోరిరి. కఱవు దినములలో కూలివారికి పనియు, అన్నమును కల్పించుచు పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ దేవాలయమును 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠించిరి. సరిగా నూఱేండ్లు నిండిన దినమగుటచే అక్కడ జనసమ్మర్దము మిక్కుటముగా నుండునని భయపడి, ఆ యాత్రను వేఱొక మాసమునకు వాయిదా వేసితిమి. తుదకు 22 మంది పిల్లలు, 9 మంది పెద్దలు, ఒక అద్దె బస్సు. తిరిగి వచ్చినది మొదలు సభ్యులు అడుగుచున్న ప్రశ్నలకు ఒక్కొక్కరికిగా బదులు చెప్పలేక ఈ వ్రాతకు పూనుకొంటిమి.

24వ తేదీ ప్రొద్దున ఉస్మాన్‌గంజ్‌లో దిగితిమి. తోపుడుబండ్లకును, లారీలకును నడుమ పిల్లలను ఒకరి చేయి ఒకరికి పట్టించి నడిపించుట మూటలు మోయించుటకంటె కష్టమైనది. మిరపఘాటుకు తుమ్ములు, హమాలీల కేకలు, కాటాల చప్పుడు, అంతయు వారికి వినోదమే. మాతో చాలకాలముగా లావాదేవీలు గల అడ్తి వ్యాపారి మమ్ము చూచి, "ఏమి పెద్దయ్యా, ఈసారి మూటలకన్న పిల్లలే ఎక్కువగా ఉన్నారు" అని నవ్వెను. సంగతి విని, "ఈ వారమున వద్దు. అన్నియు పెంచిన ధరలు. వచ్చే వారము రండి, ఇక్కడినుండి నడిచిపోవు దూరములో నుమాయిష్ తెఱచెదరు" అని హితవు చెప్పెను. బస్సునకు బయానా ఇచ్చి యుంటిమి. వినలేదు.

మఱునాడు విజయవాడ రస్తామీద, పట్టణమునకు తూర్పున నున్న రామోజీ ఫిల్మ్ సిటీకి పోయితిమి. 1996లో ఏర్పడిన ఈ స్థలము 1,666 ఎకరముల విస్తీర్ణముతో ప్రపంచమున అతిపెద్ద చలనచిత్ర నిర్మాణస్థలముగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. దీనిని స్థాపించిన రామోజీరావుగారు కృష్ణాజిల్లా పెదపారుపూడిలో రైతు కుటుంబమున 1936లో జన్మించి, 2024 జూన్ 8వ తేదీన దివంగతులైరి. మన సభ్యులలో పలువురు చదివిన 'అన్నదాత' పత్రికను 1969లో ఆరంభించినవారును వీరే. ప్రవేశ రుసుము పెద్దవారికి వేయి రూపాయలు దాటినది. అయినను ప్రొద్దుపోవువరకు చూచినను తరగని స్థలము. ఉద్యానవనములు, రైలు రాని రైలునిలయము, విమానము దిగని విమానాశ్రయము, 'బాహుబలి'కై కట్టిన కోటలు కలవు. ఒక మేడ ముందరివైపు చూచి అబ్బురపడి, వెనుకకు పోయి చూడగా కఱ్ఱలును, ఇనుప కమ్ములును తప్ప మఱేమియు లేకపోవుట కాంచి మా పిల్లలు మోసపోయితిమని అలుగక, మఱింత సంతసించిరి. పెద్దలము మేమే కొంత చిన్నబోయితిమి.

26వ తేదీ అనుభవము వేఱు. ఆనాడు పోయిన జలక్రీడాస్థలము పేరు చెప్పము. నీటిలోను, యంత్రములపైనను ఆడించు ఇట్టి స్థలములు హైదరాబాదు చుట్టును అనేకము కలవు. రావిర్యాలలో 2016న తెఱచిన వండర్‌లా వానిలో పెద్దది. పట్టణము నడుమనే, టాంకుబండు దిగువన, 2004 నుండి మంచుగది యొకటి నడచుచున్నది. మేము పోయినచోట తప్పు కొంత మాది, కొంత వారిది. నవంబరులో అడిగిన ధరనుబట్టి కుటుంబమునకు ఇంతయని చందా వసూలు చేసితిమి. ద్వారమువద్ద పలకపై చూడగా సెలవుదినముల ధర దానికంటె మూడవవంతు హెచ్చుగా నున్నది. ధర పెరుగునని మాతో ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. దానిపై పన్ను వేఱు. ఇట్టి విహారస్థలముల ప్రవేశముపై నూటికి 28గా నుండిన వస్తుసేవల పన్నును 2018 జనవరిలో 18కి తగ్గించిరి. తగ్గిన తరువాతనే ఇంత భారము. చేతనున్న పైకము పిల్లలందఱికిని, ఇద్దఱు పెద్దలకును మాత్రము సరిపోయినది. మిగిలిన ఏడుగురము బయట వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. తెచ్చిన పులిహోరను లోనికి పోనీయలేదు కావున దానికి కావలి కాయుటయు మా పనియే అయినది.

లోపలి సంగతులు తరువాత తెలిసినవి. నూలుబట్టలతో నీటిలో దిగనీయరు. ప్రత్యేకపు నైలాను దుస్తులు అక్కడనే అద్దెకు తీసికొనవలెను. యంత్రము లెక్కుటకు వయస్సు కాదు, ఎత్తు చూతురు. కొలతకఱ్ఱకు నాలుగు వ్రేళ్లు తక్కువైన నలుగురు పిల్లలు పెద్ద యంత్రము లేవియు ఎక్కలేకపోయిరి. ఇది వారి క్షేమముకొఱకే గాన మేము తప్పు పట్టము. ముందుగా తెలిసియున్నచో ఆ నలుగురిని బుజ్జగించుకొని యుందుము. ఇక ధనుర్మాసపు చలి. వేసవిలో ప్రాణము లేచివచ్చునట్టి నీరు డిసెంబరులో వణకు పుట్టించినది. మూడుజాములకే పెదవులు నీలమై బయటికి వచ్చిరి, ఒక బాలికకు రాత్రి జ్వరము తగిలినది. పట్టణమువారు ఈ చలిలో నీటియాటకు ఇంత వెల యిచ్చి ఎందులకు వత్తురో మాకు బోధపడలేదు.

తిరుగుప్రయాణము చేవెళ్ల రస్తామీద. రెండుప్రక్కల వందలకొలది మఱ్ఱిచెట్లు కొమ్మలు కలుపుకొని నిలిచిన త్రోవ అది. మొయినాబాదు దాటినది మొదలు, కూరగాయలును, పూలును పండిన మళ్లున్నచోట ఎత్తైన ప్రహరీలు, వానికి ఆంగ్లనామములు, నూతన సంవత్సరపు విందులకు ఆహ్వానించు పలకలు కనబడినవి. ఒకచోట బస్సు నాపించితిమి. మా సభ్యుడొకరి బావగారు ఆ విశ్రాంతిగృహములో తోటమాలి. ఆ స్థలములో మూడెకరములు ఆయనవే. తొమ్మిదేండ్ల క్రిందట అమ్మెను.

"బావా, ఎట్లున్నావు?" అని మా సభ్యుడడుగగా ఆయన, "పైకము ఇంటికిని, పిల్ల పెండ్లికిని సరిపోయినది. పొలము ఇక్కడనే ఉన్నది, నేనును ఇక్కడనే ఉన్నాను. నెలకు జీతము తప్పదు, వాన రాకున్నను వచ్చును" అనెను. ఆ మాటలో విచారమున్నదో, ఊఱటయున్నదో మేము తేల్చుకొనలేకపోతిమి. ఆయన మా పిల్లలకు జామకాయలు కోసియిచ్చి, యజమాని చూడకముందే పొమ్మనెను.

లోపల ఈతకొలను చూచి మాలో ఒకరు, మన బోరులు ఎండుటకు ఇవియే కారణమని కోపించిరి. బస్సులోనే లెక్క వేసితిమి. ఇరువది మీటరుల పొడవు, పది మీటరుల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతుగల కొలనులో మూడు లక్షల లీటరులు పట్టును. ఆ నీటిని వడకట్టి మరల మరల వాడుదురు. ఎకరము వరికి ఒక పంటకాలమున నలుబది లక్షల లీటరులకు తక్కువ పోదు. కావున నీటి నేరమును ఆ కొలనుపై మోపుట న్యాయము కాదు. పోయినది నీరుకంటె నేల.

ఆ నేల సామాన్యమైనది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి పట్టణమును ముంచివేసిన తరువాత, విశ్వేశ్వరయ్యగారి ఆలోచన ననుసరించి, వఱద నాపుటకును, త్రాగునీటికిని ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తిచేసిరి. వానిలోనికి నీరు దిగు 84 గ్రామములలో పెద్ద కట్టడములు తగవని ప్రభుత్వము 1996 మార్చి 8వ తేదీన 111వ సంఖ్యగల ఉత్తరువు నిచ్చెను. ఆ నిర్బంధమును తొలగించుటకు 2022 ఏప్రిలులో మఱియొక ఉత్తరువు వెలువడినది. అచటి రైతులలో పలువురు ఈ రెండవ ఉత్తరువునకే సంతోషించిరి. ప్రక్క గ్రామములలో భూమి ధర ఆకాశమంటుచుండగా తమ భూమి మాత్రమేల అగ్గువకు పోవలెనన్నది వారి మొఱ. మేము వారి స్థానమున నున్నచో ఏమి చేసియుందుమో చెప్పజాలము.

రైతు తన పొలమును అమ్ముకొనకయే విహారస్థలముగా మార్చుకొన్న ఉదాహరణము అమెరికాలో కలదు. కాలిఫోర్నియా రాష్ట్రమున బ్యూనాపార్కు అను ఊర వాల్టర్ నాట్ అను కృషికుడు రస్తాప్రక్క పాకవేసి తాను పండించిన పండ్లను అమ్ముచుండెను. నశించిపోవుచున్న ఒక క్రొత్తజాతి పండ్లతీగెను తెచ్చి బ్రతికించి, దానిని కనిపెట్టినవాని పేరిట బాయిసన్‌బెర్రీ యని పేరుపెట్టి ప్రసిద్ధిచేసెను. 1934లో అతని భార్య కొర్డీలియా తన పెండ్లినాటి పింగాణీ పళ్లెములలో బాటసారులకు కోడికూరతో భోజనము పెట్టెను. వెల 65 సెంట్లు. ఆ రుచికి జనము గంటలకొలది వరుసలలో నిలువసాగగా, వారికి ప్రొద్దుపోవుటకై 1940లో పాతకాలపు గ్రామమొకటి కట్ట నారంభించెను. చుట్టు కంచె కట్టి ప్రవేశ రుసుము పెట్టినది 1968లో మాత్రమే. 1955లో తెఱచిన జగత్ప్రసిద్ధమగు డిస్నీలాండు దానికి కొద్ది మైళ్లలోనే, నారింజతోటలు కొట్టివేసిన నేలపై లేచినది. పొరుగుననే ఒకటి తోట పోగా పుట్టినది, మఱియొకటి తోటలోనుండియే పుట్టినది. నాట్ కుటుంబము కూడ 1997లో తమ ఆస్తిని ఒక పెద్ద సంస్థకు అమ్మివేసినది. ఇంచుమించు ముప్పాతిక శతాబ్దము చేతిలో నిలుపుకొనుట తక్కువ పని కాదు.

అడ్తి వ్యాపారి మాట మరల జ్ఞప్తికి వచ్చినది జనవరిలో. మిగిలిన బెల్లము తెచ్చుటకు ఇద్దఱము పోవుచు, కొలతకఱ్ఱకు చాలని ఆ నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని పోతిమి. మాజీ ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగుగారి మరణమునకు సంతాపముగా 2025లో నుమాయిష్‌ను జనవరి ఒకటికి బదులు మూడవ తేదీన తెఱచిరి. ఉస్మాన్‌గంజ్‌లో బండికి సరకెత్తించి, 1935 నాటి మొజంజాహీ మార్కెట్టు రాతిగోపురము ప్రక్కగా నాంపల్లి మైదానమునకు నడిచిపోతిమి. ప్రవేశమునకు మనిషికి 50 రూపాయలు. చిన్న రైలు, రాట్నపుచక్రము, మిరపకాయ బజ్జీలు, కాశ్మీరు శాలువలు, సుమారు రెండువేల అంగళ్లు. రైలెక్కుటకు ఎవరి ఎత్తును కొలువలేదు. నలుగురును రెండుమార్లు ఎక్కిరి.

ఈ ప్రదర్శనము పుట్టుక మన పత్రికలో చెప్పదగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘమువారు రాజ్యపు ఆర్థిక పరిస్థితిని విచారించి లెక్కలు కట్టదలచి, దానికి కావలసిన ధనము కూర్చుటకును, స్వదేశపు వస్తువులను ప్రజలకు చూపుటకును 1938లో పబ్లిక్ గార్డెన్సులో దీనిని పెట్టిరి. 1946లో నాంపల్లికి మార్చిరి. 1947, 48 సంవత్సరములలో జరుగలేదు. 2019 జనవరి 30వ తేదీన అగ్నిప్రమాదమున వందలకొలది అంగళ్లు బూడిదయైనవి. ప్రాణనష్టము లేకపోయినది. వచ్చిన ఆదాయముతో ఎగ్జిబిషన్ సొసైటీవారు కళాశాలలు నడుపుచున్నారు. గంజు పేరును, సాగరు పేరును, విశ్వవిద్యాలయపు పేరును ఒక్క ఏడవ నిజాము పేరే యగుట నడచుచుండగా మా పిల్లలలో ఒకడు కనిపెట్టెను. మాకు తోచలేదు.

సంఘపు సమావేశమున నిశ్చయించినవి ఇవి. ఇకముందు పిల్లల యాత్ర జనవరి మొదటి వారములోనే, సరకు బండితోనే. జలక్రీడలకు పోదలచువారు వేసవి సెలవులలో పోవలెను. పోవు తేదీకి గల ధరనే ముందుగా వ్రాతమూలకముగా తెప్పించుకొని, గుంపునకు గల తగ్గింపు నడిగి, అటుపై చందా వసూలు చేయవలెను. నూలుబట్టల సంగతి, ఎత్తు సంగతి తల్లులకు ముందే చెప్పవలెను. మన కందిపప్పును నుమాయిష్‌లో ఒక అంగడి తీసికొని అమ్మవచ్చునా యని విచారించుటకు ఇద్దఱిని నియమించితిమి.

రస్తాప్రక్కనున్న తన మామిడితోటలో పట్టణపు అతిథులకు నాలుగు గదులు కట్టి భోజనము పెట్టెదనని ఒక సభ్యుడు అప్పు కోరెను. మహారాష్ట్ర ప్రభుత్వము 2020లో ఇట్టి పనికి ప్రత్యేక విధానమే ప్రకటించినదని ఆయన వాదము. బయటివారు వచ్చి త్రాగి అల్లరి చేయుదురని కొందఱు, తోట అమ్ముకొనుటకంటె అది మేలు కాదా యని కొందఱు, రాత్రి చాలసేపు వాదించిరి. బోరు నీరు, మరుగుదొడ్లు, వంటమనుష్యులు, ఏడాదిలో ఎన్ని దినములు గదులు ఖాళీగా నుండును, ఈ నాలుగింటికి లెక్క కట్టి తెమ్మని ఆయనకే అప్పగించితిమి. తెచ్చినపుడు ఈ పత్రికలో ప్రకటింతుము.