మూడో క్రోమోజోమ్ మీద నాలుగు జన్యువులు

పెద్దల్లో కనిపించే కిడ్నీ క్యాన్సర్లలో నూటికి 75 వరకు ‘క్లియర్ సెల్’ రకానికి చెందినవే. శస్త్రచికిత్సలో బయటికి తీసిన ఈ కణితిని కోసి చూస్తే బంగారు పసుపు రంగులో ఉంటుంది. కణాల నిండా కొవ్వు, గ్లైకోజెన్ పేరుకుపోవడమే ఇందుకు కారణం. పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు అవి కరిగిపోవడం వల్ల, మైక్రోస్కోపు కింద ఆ కణాలు లోపల ఏమీ లేనట్టు తేటగా కనిపిస్తాయి. అయితే బయాప్సీ రిపోర్టులో ఈ ఒకే పేరు రాసి ఉన్న ఇద్దరు రోగుల్లో ఒకరు కిడ్నీ తీసేశాక దశాబ్దాల తరబడి ఆరోగ్యంగా ఉంటే, మరొకరికి ఏడాది తిరక్కుండానే ఊపిరితిత్తుల్లోనూ ఎముకల్లోనూ అదే వ్యాధి బయటపడవచ్చు. కణితి పరిమాణం, గ్రేడ్, స్టేజి ఈ తేడాను కొంతవరకే వివరిస్తాయి. మిగిలిన వివరణ కోసం సాగిన అన్వేషణ జన్యువుల్లో వచ్చే మార్పుల దగ్గరికి, అంటే ఉత్పరివర్తనల దగ్గరికి, ముఖ్యంగా మూడో క్రోమోజోమ్ పొట్టి భుజం దగ్గరికి చేరింది.

ఆ దారి చూపినది ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి. జర్మనీకి చెందిన నేత్రవైద్యుడు ఫాన్ హిప్పెల్, స్వీడన్‌కు చెందిన రోగనిదాన శాస్త్రవేత్త లిండౌ వేర్వేరుగా వర్ణించిన ఆ వ్యాధి ఉన్న కుటుంబాల్లో కంటి వెనుక పొరలోనూ మెదడులోనూ రక్తనాళాల గడ్డలతో పాటు కిడ్నీ క్యాన్సర్లు చిన్న వయసులోనే, తరచు రెండు కిడ్నీల్లోనూ వస్తాయి. దానికి మూలమైన జన్యువును 1993లో గుర్తించి, వారిద్దరి పేర్ల మొదటి అక్షరాలతో వీహెచ్ఎల్ అని పిలిచారు. ప్రతి జన్యువుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు ఉంటాయి కనుక, కణితిని అడ్డుకునే జన్యువు పూర్తిగా పనిచేయకుండా పోవాలంటే రెండూ దెబ్బతినాలని ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లోనే, పిల్లల కంటి క్యాన్సర్‌ను అధ్యయనం చేస్తూ ప్రతిపాదించాడు. ఆ కుటుంబాల వారికి ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది కాబట్టి ఇంకొక్క దెబ్బ చాలు. మిగతావారిలో ఒకే కణంలో రెండు దెబ్బలూ పడాలి కనుక వ్యాధి సాధారణంగా వయసు మళ్లాక, ఒక కిడ్నీలోనే వస్తుంది. కారణం వంశపారంపర్యమైనా కాకపోయినా చెడిపోతున్నది అదే జన్యువని తరువాత తేలింది.

వీహెచ్ఎల్ చేసే పని తెలిస్తే ఈ కణితి స్వభావం చాలావరకు బోధపడుతుంది. కణానికి ప్రాణవాయువు చాలినప్పుడు ‘హిఫ్’ అనే ప్రొటీన్‌ను గుర్తుపెట్టి ధ్వంసానికి పంపడం దాని బాధ్యత. ఆక్సిజన్ తగ్గితే హిఫ్ మిగిలిపోయి, కొత్త రక్తనాళాలను, ఎర్రరక్తకణాలను పెంచే జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ వ్యవస్థను విప్పి చెప్పినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019 నోబెల్ బహుమతి దక్కింది. వీహెచ్ఎల్ లేని కణం ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కరువులో ఉన్నట్టే ప్రవర్తిస్తూ, తన చుట్టూ రక్తనాళాలను అల్లించుకుంటుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. క్లియర్ సెల్ కణితుల్లో నూటికి 90కి పైగా మూడో క్రోమోజోమ్ పొట్టి భుజం ఒక ప్రతి పోయి ఉంటుంది, అత్యధిక భాగంలో వీహెచ్ఎల్ రెండో ప్రతి కూడా చెడి ఉంటుంది. మెల్లగా పెరిగే కణితిలోనూ, ప్రాణం తీసే కణితిలోనూ ఒకేలా కనిపించే మార్పు ఆ రెంటినీ వేరు చేయలేదు కనుక, ఈ వ్యాధిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఉత్పరివర్తనే రోగి భవిష్యత్తు గురించి అన్నిటికంటే తక్కువ చెబుతుంది. పైగా అది చాలా పాతది కూడా. క్రోమోజోమ్ ఆ భుజాన్ని కోల్పోవడం చాలామంది రోగుల్లో బాల్యంలోనో కౌమారంలోనో, కొన్ని వందల కణాలకు మించకుండా జరిగి, దశాబ్దాల పాటు ఏ హానీ చేయకుండా ఉండిపోతుందని 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. యాభయ్యో ఏటనో అరవయ్యో ఏటనో అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో కనిపించే గడ్డకు విత్తనం బడి వయసులో పడిందన్నమాట.

భవిష్యత్తును చెప్పే జన్యువులు వీహెచ్ఎల్‌కు ఇరుగుపొరుగునే ఉన్నాయి. పీబీఆర్ఎం1, బ్యాప్1, సెట్‌డీ2 అనే మూడూ అదే పొట్టి భుజం మీద ఉండటం వల్ల, ఆ భుజం పోయినప్పుడు నాలుగు జన్యువులకూ ఒక్కొక్క ప్రతి ఒకేసారి పోతుంది. వీహెచ్ఎల్ తరువాత ఏ జన్యువు మిగిలిన ప్రతికి దెబ్బ తగులుతుందన్నదాన్ని బట్టి కణితి నడత మారుతుంది. పీబీఆర్ఎం1 సుమారు 40 శాతం కణితుల్లో, బ్యాప్1 పది పదిహేను శాతంలో చెడి కనిపిస్తాయి, రెండూ ఒకే కణితిలో చెడటం అరుదు. డాలస్ పరిశోధకులు 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, పీబీఆర్ఎం1 చెడిన రోగుల మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటగలిగిన కాలం, 10.6 ఏళ్లు కాగా, బ్యాప్1 చెడినవారిలో అది 4.6 ఏళ్లే. మరో రోగుల సమూహంలో అంకెలు మారినా మొగ్గు మారలేదు.

అయితే ఒక్క ముక్క తీసి జన్యుపరీక్ష చేయిస్తే సరిపోతుందా? అన్నం ఉడికిందీ లేనిదీ ఒక్క మెతుకు చెబుతుంది కానీ, కణితి దగ్గర ఆ లెక్క చెల్లదని లండన్ పరిశోధకులు 2012లో చూపించారు. ఒకే రోగి కణితిలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన ముక్కలను పోల్చినప్పుడు, దొరికిన ఉత్పరివర్తనల్లో దాదాపు మూడింట రెండు వంతులు అన్ని ముక్కల్లోనూ లేవు. మంచి ఫలితాన్ని సూచించే జన్యు లక్షణాలు ఒక మూల, చెడు ఫలితాన్ని సూచించేవి మరో మూల ఉన్నాయి. సెట్‌డీ2 జన్యువైతే ఒకే కణితిలోని వేర్వేరు భాగాల్లో మూడు వేర్వేరు రకాలుగా చెడింది, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని శాఖలు ఒకే గమ్యానికి చేరాయి.

ఆ తరువాత 2018లో అదే బాటలో 101 మంది రోగుల కణితుల నుంచి వెయ్యికి పైగా ముక్కలను పరిశీలించిన ట్రేసర్ఎక్స్ రీనల్ బృందం, ఉత్పరివర్తనల జాబితా కన్నా అవి వచ్చిన వరుస ముఖ్యమని వాదించింది. పీబీఆర్ఎం1తో మొదలై శాఖోపశాఖలుగా చీలే కణితులు నెమ్మదిగా, ఒకటి రెండు చోట్లకే పాకుతాయి. అటువంటివారిలో పాకిన గడ్డను కోసి తీసేయడం వల్ల మేలు జరిగే అవకాశం ఎక్కువ. బ్యాప్1తో నడిచేవి, తొలినాళ్లలోనే క్రోమోజోమ్‌ల అమరిక బాగా చెదిరినవి తక్కువ వ్యవధిలో చాలా అవయవాలకు చేరుతాయి. తొమ్మిదో క్రోమోజోమ్ పొట్టి భుజం పోవడం వ్యాధి పాకడానికీ, మరణానికీ గట్టి సూచనగా తేలింది.

ఇంత తెలిసినా ఆస్పత్రిలో నిర్ణయాలు ఇంకా సాదా లెక్కలతోనే జరుగుతున్నాయి. పాకిన కిడ్నీ క్యాన్సర్‌లో ప్రమాదాన్ని అంచనా వేసే ప్రమాణాలు హిమోగ్లోబిన్, కాల్షియం, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్స్, రోగి తన పనులు తాను చేసుకోగల స్థితి, వ్యాధి బయటపడ్డాక మందులు మొదలయ్యేదాకా గడిచిన కాలం అనే ఆరింటి మీదే ఆధారపడ్డాయి. ఇందులో ఒక్క జన్యువు పేరూ లేదు. విచిత్రం ఏమిటంటే, ఫలితం గురించి మౌనంగా ఉండే వీహెచ్ఎల్ మార్గమే మందులను ఇచ్చింది. రక్తనాళాల పెరుగుదలను అడ్డుకునే సునిటినిబ్ వంటివి, హిఫ్‌నే నేరుగా పట్టే బెల్జుటిఫాన్ అక్కడి నుంచే వచ్చాయి. బెల్జుటిఫాన్‌కు అమెరికాలో 2021లో వంశపారంపర్య వ్యాధికీ, 2023లో ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కూ అనుమతి లభించింది. ఫలితాన్ని ముందే చెప్పే బ్యాప్1 లోపానికి మాత్రం ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు కిడ్నీ క్యాన్సర్‌లో లేదు.

జన్యుపరీక్ష ఇప్పటికే నేరుగా అక్కరకొచ్చే చోటు కుటుంబం. కణితిలో మాత్రమే ఉన్న మార్పు పిల్లలకు సంక్రమించదు, పుట్టుకతో వచ్చిన మార్పు రక్తపరీక్షలోనే తెలుస్తుంది. 46 ఏళ్లలోపు ఈ క్యాన్సర్ వచ్చినవారికి, రెండు కిడ్నీల్లోనూ లేదా ఒకే కిడ్నీలో అనేక చోట్ల కణితులు ఉన్నవారికి, దగ్గరి రక్తసంబంధీకుల్లో కిడ్నీ క్యాన్సర్ ఉన్నవారికి ఈ పరీక్ష గురించి నిపుణులతో చర్చించమని అమెరికా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపం బయటపడితే తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేసి, లోపం ఉన్నవారికి క్రమం తప్పకుండా స్కానింగ్ చేస్తూ, గడ్డ మూడు సెంటీమీటర్లకు చేరినప్పుడు కిడ్నీని కాపాడుతూ దాన్ని మాత్రమే తొలగించే పద్ధతిని వీహెచ్ఎల్ కుటుంబాల్లో వైద్యులు అనుసరిస్తున్నారు.