రిషివ్యాలీ విద్యాలయము: చదువును ఛాత్రజీవితమును

మదనపల్లెకు సుమారు పది మైళ్ళ దూరమున, రాతిగుట్టల నడుమ ఒక చిన్న లోయ గలదు. వానలు తక్కువ. వేసవిలో బావులు అడుగంటును. చుట్టును వేరుసెనగ, టమాటా పండించు రైతుల పల్లెలు. ఆ లోయలోనే రిషివ్యాలీ అను ఆవాస విద్యాలయము నెలకొని యున్నది. బెంగుళూరునందును, మద్రాసునందును స్థిరపడిన మన కుటుంబములలో ఈ పేరు వినని వారు అరుదు. కాని పేరు వినుట వేరు, అచ్చటి చదువు ఎట్లు సాగునో ఎరుగుట వేరు. “ఫీజులు హెచ్చు, పరీక్షలు లేవు, పిల్లలు చెట్లక్రింద కూర్చుందురు” అని మూడు మాటలతో మనవారు ప్రసంగము ముగింతురు. ఇందు మొదటిది నిజము; రెండవది సగము నిజము; మూడవది అప్పుడప్పుడు మాత్రమే నిజము.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. వారి సంకల్పము ననుసరించి 1920ల మధ్యకాలమున ఈ లోయలో భూమి సేకరింపబడినది. అటుపిమ్మట మద్రాసు గిండీలో దివ్యజ్ఞానసమాజమువారు నడపిన పాఠశాల ఇచ్చటికి తరలి వచ్చినది. 1950 మొదలు 1958 వరకు ఎఫ్. గోర్డన్ పియర్స్ అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా నుండి దీనికి స్థిరమైన రూపము కల్పించెను. 1986లో మరణించువరకు కృష్ణమూర్తిగారు తరచుగా వచ్చి విద్యార్థులతోను, ఉపాధ్యాయులతోను ముచ్చటించుచుండిరి. ఆయన పేరిట నడచు ఫౌండేషనుకు చెన్నపట్టణమున 1973లోను, బెంగుళూరున 1978లోను, పూనా చేరువను సహ్యాద్రి యను పేర 1995లోను పాఠశాలలు ఏర్పడినవి. కనుక మనము నివసించు రాష్ట్రములలోను దీని శాఖలు గలవు.

ఇచ్చట నాలుగవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు బాలబాలికలు కలసి చదువుదురు. ఉదయము వ్యాయామము, పిమ్మట అందరును ఒకచోట చేరి పాడు పాటలు, తరగతులు, శాకాహార భోజనము, సాయంకాలము ఆటలు. ఉపాధ్యాయులును ఆవరణలోనే కాపురముందురు. ప్రతి వసతిగృహమునకు తల్లిదండ్రుల స్థానమున ఒక ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో ఉందురు. సూర్యాస్తమయ వేళ పిల్లలు ఎత్తైన చోట కూర్చుండి, మాటలాడక, క్రుంకుచున్న సూర్యుని చూతురు. దీనిని ‘అస్తాచల్’ అందురు. ప్రార్థన కాదు, పాఠమును కాదు. దాని పిమ్మట ఎవరును ప్రశ్నలడుగరు. ఆ లోయ 1991లో పక్షుల రక్షితస్థలముగా ప్రకటింపబడినది గనుక పిట్టల పేర్లు గుర్తించుట, లెక్కించుట కూడ చదువులో భాగమే యైనది. ఒకప్పుడు బోడిగా నుండిన గుట్టలపై చెట్లు పెంచిన శ్రమలో విద్యార్థులకును పాలు గలదు.

ఇక పరీక్షల సంగతి. పోలికవలన భయము పుట్టును, భయము పుట్టిన చోట బుద్ధి మొద్దుబారును అనునది ఈ విద్యాలయపు మూలసూత్రము. అందువలన ర్యాంకులు లేవు, బహుమానములు లేవు, దండన లేదు. చిన్న తరగతులలో పరీక్ష లుండవు. మార్కులకు మారుగా బాలుని పనిని గూర్చి ఉపాధ్యాయుడు వాక్యములలో వ్రాసి తల్లిదండ్రులకు పంపును. ఇది మార్కు వేయుటకంటె కష్టము: నూటికి అరువది యని వేయుటకు బాలుని ఎరుగనక్కరలేదు, అతనిని గూర్చి పది వాక్యములు వ్రాయుటకు ఎరిగి తీరవలెను. అయితే పదవ తరగతి చివర ఐ.సి.ఎస్.ఇ. పరీక్షయు, పండ్రెండవ తరగతి చివర ఐ.ఎస్.సి. పరీక్షయు తప్పవు. ఆ పరీక్షలు పోలికకొరకే ఏర్పడినవి. పోలిక వలదని నేర్పిన గురువులే బాలుని దానికి సిద్ధపరచవలసి వచ్చుచున్నది. ఈ చిక్కు విద్యాలయము వారికి తెలియనిది కాదు. కళాశాలలో ప్రవేశమునకు వేరు ద్వారము లేదు గనుక రెంటిని కలుపుకొని నెట్టుకొని వచ్చుచున్నారు. దీనిని లోపమని నేను అనను. కాని అసలు పరీక్షయే లేదని నమ్మి పిల్లలను పంపువారు తరువాత కలత చెందుట సహజము.

బోధనాభాష ఇంగ్లీషు. తెలుగుగడ్డమీద నున్నను ఇచ్చటి తరగతిలో తెలుగు ఒక పాఠ్యవిషయము మాత్రమే. ఇది చాలమందికి నొప్పి కలిగించు విషయము, నాకును. అయినను ఇదే ఆవరణనుండి తెలుగు చదువునకు జరిగిన మేలు మరియొకటి కలదు. దానిని గూర్చి మనవారికి తెలిసినది బహు స్వల్పము.

1980ల చివరిభాగమున పద్మనాభరావు, రమ అను దంపతులు ఇచ్చటి గ్రామీణ విద్యాకేంద్రమున చేరి, చుట్టుపట్ల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలు నెలకొల్పిరి. ఒక గది, ఒక గురువు, వేరువేరు వయస్సుల పిల్లలు. మేకలు కాచుటకో, కోతలకో పోయి పదిదినములు రాని బాలుడు తిరిగి వచ్చునప్పటికి పాఠము ముందుకు పోయియుండును. మరి కొన్నాళ్ళకు అతడు బడియే మానివేయును. ఈ జబ్బుకు వారు కనుగొనిన మందు ఒక నిచ్చెన. పాఠ్యపుస్తకమును విప్పి చిన్నచిన్న అట్టలుగా చేసిరి. ప్రతి అట్టపై ఒక బొమ్మగుర్తు, ఒక అంకె. గోడమీది నిచ్చెనపటములో అవే గుర్తులు వరుసగా నుండును. బాలుడు తానెక్కడ ఆగెనో పటములో చూచుకొని, ఆ అట్ట తానే తీసికొని, ఆ గుర్తు సూచించిన జట్టులో కూర్చుండును. ఒక జట్టునకు గురువు దగ్గర నుండి చెప్పును. ఒక జట్టు తోడివారి సాయముతో నేర్చును. మరియొకటి తనంత తానే చేయును. ప్రతి మెట్టునందును మొదట పరిచయము, పిదప అభ్యాసము, పిదప పరిశీలన. తప్పినవానికి మరల అభ్యాసము, నెగ్గినవానికి అదనపు పని. పదిదినములు రాని బాలుడు పదకొండవనాడు వచ్చి తన మెట్టుమీదనే అడుగిడును. వెనుకబడుట యను మాటకే తావు లేదు. పైవిద్యాలయమున సూత్రముగా నున్న పోలికలేమి పల్లెబడిలో పనిముట్టుగా మారినది.

ఈ పద్ధతి ఎల్లలు దాటినది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు దీనిని చూచి కన్నడమునకు అనువుగా మలచుకొనిరి; అదియే ‘నలి-కలి’. అందు అక్షరములను అ, ఆ లతో గాక ర, గ, స, ద, అ లతో మొదలిడిరి. నాలుగైదు అక్షరములతోనే బాలునిచే మాటలు చదివింపవచ్చునని వారి ఆలోచన. 2003లో చెన్నపట్టణపు కార్పొరేషను పాఠశాలలు పదమూడింట ఇట్టిదే ఆరంభమై, 2007లో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికి విస్తరించినది.

మన సంఘములు ఆదివారములందు నడపు తెలుగు తరగతులను ఒక్కసారి తలచుకొనుడు. ఒక గది, ఒక గురువు. ఆరేండ్ల పాప మొదలు పదునాలుగేండ్ల బాలుని వరకు ఒకే చాపమీద. పెండ్లికో, పరీక్షకో రెండు వారములు మానిన పిల్లవాడు మూడవ వారము రాడు. మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలోని చిక్కు అచ్చముగా ఇదియే. అట్టలు వ్రాయుటకు ముచ్చిరేకులును, ముద్రణాలయమును అక్కరలేదు. నిదానించి ఓనమాలను మెట్లుగా విడదీయగల ఇద్దరు ముగ్గురు గురువులు, కత్తెర, రంగులు, కొన్ని సెలవుదినములు చాలును. మొదటి ఇరువది అట్టలు మొదటి నాలుగైదు అక్షరములకు సరిపోవును. ఆ అక్షరములు ఏవి కావలెనో ముందుగా తేల్చుకొనవలెను.