బీచ్ మీద బండి... పాలసీలో గండి

మోటర్‌హోమ్ కొనేవాళ్లు ముందు ప్రీమియం ఎంతని అడుగుతారు. అసలు అడగాల్సింది... ఆ పాలసీ ఎప్పుడు చెల్లదు అని!

ఆక్లాండ్ పడమటి శివారు హెండర్సన్. అక్కడి నుంచి మురివాయి బీచ్ ఎంతో దూరం లేదు. వేసవి సెలవులకు మంచం, స్టవ్వు, టాయ్‌లెట్ అన్నీ బండిలోనే పెట్టుకుని బయల్దేరడం న్యూజిలాండ్ వాళ్లకు మామూలే. ‘ఇలాంటి బండికి ఏ ఇన్సూరెన్స్ మంచిదో రాయండి, గురువారానికల్లా కావాలి’ అన్నారు ఎడిటర్. బ్రోషర్లు ముందేసుకుని కూర్చుంటే నిద్రొచ్చింది. పాలసీ పుస్తకం వెనకవైపు ‘ఇవి వర్తించవు’ అనే పేజీలు తిప్పాకే మత్తు వదిలింది.

అద్దె మోటర్‌హోమ్‌ల ఒప్పందాల్లో కొన్ని దారుల పేర్లే రాసేస్తారు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిపర్స్ రోడ్డు, ఉత్తరాన నైంటీ మైల్ బీచ్ వాటిలో ఎప్పుడూ కనిపించేవి. అక్కడికి వెళితే కవరేజీ ఉండదు. చట్టం లెక్కలో బీచ్ కూడా రోడ్డే, పర్మిట్ తీసుకుంటే మురివాయి ఇసుక మీద బండి నడపొచ్చు. అయితే కౌన్సిల్ ఒప్పుకుంటే సరిపోదు, ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఒప్పుకోవాలి కదా!

సొంత బండికైతే గొడవ వేరేగా ఉంటుంది. పైకప్పు కిటికీ చుట్టూ సీలు పగిలిందనుకోండి. నెలల తరబడి చుక్కచుక్కగా నీళ్లు దిగి గోడలోని చెక్క ఉబ్బుతుంది, బూజు వాసన వస్తుంది. మనకది వాన చేసిన నష్టం. కంపెనీకి మాత్రం ‘క్రమంగా జరిగిన నష్టం’. సాధారణంగా పైసా రాదు. బండిని ఇతరులకు అద్దెకిచ్చినా, ఇల్లు వదిలేసి అందులోనే కాపురం పెట్టినా చాలా పాలసీలు చేతులెత్తేస్తాయి.

ఇంత చదివాక ఇన్సూరెన్స్ మీద నాకున్న పాత అనుమానం ఇంకాస్త ముదిరింది. దాన్ని తగ్గించింది 1977 నాటి ఇన్సూరెన్స్ లా రిఫార్మ్ యాక్ట్‌లోని 11వ సెక్షన్. పాలసీ షరతు తప్పినా, ఆ తప్పు వల్ల నష్టం జరగలేదని మీరు రుజువు చేయగలిగితే కంపెనీ క్లెయిమ్ ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఫిట్‌నెస్ వారంట్ (బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందనే తనిఖీ పత్రం) గడువు దాటిన బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి ఎవరో గుద్దారు. దానికీ వారంట్‌కూ ఏం సంబంధం? అదే అరిగిన టైరుతో జారి చెట్టుకు కొట్టుకుంటే మాత్రం ఈ సెక్షన్ ఆదుకోదు.

దీని మీద పేరు మోసిన తీర్పు ఓ ట్రాక్టర్‌ది. అద్దెకిస్తే పాలసీ చెల్లదని షరతు. ట్రాక్టర్ అద్దెలో ఉండగానే దెబ్బతింది. న్యూజిలాండ్ ఇన్సూరెన్స్, హారిస్ మధ్య నడిచిన ఈ కేసులో అప్పీలు కోర్టు 11వ సెక్షన్ వర్తిస్తుందని చెప్పింది. 1990 నాటి లా రిపోర్టుల్లో ఉందిది. మోటర్‌హోమ్‌ను అద్దెకిచ్చి నాలుగు డాలర్లు సంపాదిద్దామనుకునేవాళ్లకు ఇంతకంటే తీపి కబురు లేదు.

అయితే ఆ తీపి ఎంతో కాలం ఉండదు. 2024లో వచ్చిన కాంట్రాక్ట్స్ ఆఫ్ ఇన్సూరెన్స్ యాక్ట్ 2027 నవంబరులోపు అమల్లోకి రావాలి. డ్రైవర్ వయసు, అనుభవం, బండి తిరిగే ప్రాంతం, వ్యాపార వినియోగం... వీటికి సంబంధించిన షరతులకు ఆ రక్షణ తీసేశారు. అంటే బీచ్, అద్దె రెండూ గోడ అవతల పడ్డట్టే.

చరిత్ర నాలుగు ముక్కల్లో: థర్డ్ పార్టీ బీమాను 1928లోనే తప్పనిసరి చేసిన దేశమిది. 1974లో ఏసీసీ అనే ప్రమాద పరిహార పథకం వచ్చి, తప్పెవరిదైనా గాయాల ఖర్చు తనే భరించడం మొదలెట్టాక ఆ నిబంధన పోయింది. మన భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది లేకుండా రోడ్డెక్కకూడదు. న్యూజిలాండ్‌లో ఎక్కొచ్చు, కాకపోతే ఎదుటివాడి కారు నుజ్జయితే ఆ బిల్లు మీదే.

మిగిలిన ముచ్చట్లు

విలువ: మన దేశంలో బండికి కట్టే బీమా విలువ (ఐడీవీ) ఏటా తగ్గుతుంది. ఇక్కడ ‘అగ్రీడ్ వాల్యూ’ తీసుకుంటే ముందే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు. ‘మార్కెట్ వాల్యూ’ అయితే ప్రమాదం నాటి ధరే. సోలార్ పలకలు, పందిరి ఆ మొత్తంలో కలిశాయో లేదో చూసుకోండి.

వరద: 2023 జనవరి 27న వెస్ట్ ఆక్లాండ్ మునిగింది. ఇళ్లకుండే ప్రభుత్వ ప్రకృతి విపత్తు బీమా బండ్లకు వర్తించదు. నష్టం వస్తే మోటర్‌హోమ్ పాలసీయే దిక్కు.

పేచీ వస్తే: ప్రతి కంపెనీ ఏదో ఒక వివాద పరిష్కార పథకంలో సభ్యత్వం తీసుకోవాల్సిందే. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, తేలకపోతే అక్కడికి వెళ్లాలి. పాలసీదారుకు ఖర్చు ఉండదు.